ఫొటోగ్రఫీ పాఠాలు – 6: విదేశానికి ఏ లెన్సులు తీసుకెళ్లాలి?

పోయిన పాఠంలో అపెర్చర్ గురించి చెప్పుకున్నాం. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువగా తెరుచుకుంటుందని, వెలుతురు ఎక్కువ వస్తుందని గుర్తుంది కదా. ఈ వారం దానితో మళ్లీ పని పడుతుంది.

కడపలో నా దగ్గర నేర్చుకుంటున్న టీచరమ్మ ఒకరు డిసెంబరులో కంబోడియా పోతున్నారు. నాలుగు రోజులూ ఆంగ్‌కోర్ గుళ్లే. మొన్న ఆదివారం తన లెన్సులు నాలుగూ బల్ల మీద పరిచి, "అన్నీ తీసుకపోతా అన్నా. ఏది వదిలిపెడితే ఏ ఫొటో పోతుందో అని ఒకటే టెన్షన్" అన్నారు. లెన్సులను ముందు పెట్టుకుని కూర్చుంటే ఆ టెన్షన్ ఎప్పటికీ తీరదు. వాటిని బీరువాలో పెట్టించి నోటుబుక్కు తెమ్మన్నాను. ఏ గుడిలో, ఎక్కడ నిలబడి, ఏం తీయాలనుకుంటున్నారో రాయమన్నాను.

మొదట రాసింది ఆంగ్‌కోర్ వాట్ సూర్యోదయం. ఆ గుడి పడమటి ముఖంగా ఉంటుంది కాబట్టి సూర్యుడు గోపురాల వెనక నుంచి లేస్తాడు. కొలను గట్టున జనం కిక్కిరిసి ఉంటారు, వెనక్కి జరగడానికి చోటుండదు. దానికి వైడ్ కావాలి, అంటే ఎక్కువ మేర పట్టే, ఎం.ఎం. అంకె చిన్నగా ఉన్న లెన్సు. కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్సులో 18 దగ్గర పెడితే సరిపోతుంది.

రెండోది అదే గుడిలో తూర్పు వసారా గోడ మీద చెక్కిన క్షీరసాగర మథనం. దాదాపు 49 మీటర్ల పొడవు. దేవతలు ఒక పక్క, అసురులు ఒక పక్క, నడుమ వాసుకి. చిన్నప్పటి నుంచీ వింటున్న కథ కదా, ఆవిడ మనసంతా దాని మీదే ఉంది. మూడోది బాంతే స్రే. 967లో ప్రతిష్ఠ జరిగిన చిన్న గుడి, ఎర్రటి ఇసుకరాయి నిండా నగిషీ పని. నడిమి గుళ్ల చుట్టూ తాడు కట్టి ఉంటుంది, దగ్గరికి పోనివ్వరు. నాలుగోది బయోన్ గుడి గోపురాల మీది నవ్వు ముఖాలు.

ఇప్పుడు లెక్క. ఇది ఒక్కటి వస్తే లెన్సు ఎంచుకోవడంలో సగం పని అయిపోయినట్టే. ఫొటోలో ఎంత వెడల్పు పడుతుందో తెలియాలంటే సెన్సర్ (కెమెరా లోపల వెలుతురును పట్టే పలక) వెడల్పును దూరంతో గుణించి, లెన్సు ఎం.ఎం.తో భాగించాలి. ఆవిడది నికాన్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, సెన్సర్ వెడల్పు 23.5 ఎం.ఎం. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) అయితే 36. మథనం గోడకు 3 మీటర్ల దూరంలో నిలబడి 35 ఎం.ఎం. లెన్సు వాడితే 23.5 ఇంటూ 3 బై 35, అంటే 2 మీటర్లు పడుతుంది. 18తో అయితే 3.9 మీటర్లు. 49 మీటర్ల గోడ ఒక్క ఫొటోలో రాదని ఇంట్లోనే తేలిపోయింది. వాసుకిని పట్టి లాగుతున్న చేతులు, అసురుల ముఖాలు ముక్కలు ముక్కలుగా తీయాలి. దానికి 35 చక్కగా సరిపోతుంది.

ఇదే లెక్క తిప్పి చేయొచ్చు. బాంతే స్రేలో ద్వారం పైన 2 మీటర్ల వెడల్పున్న శిల్పాన్ని 10 మీటర్ల దూరం నుంచి నిండుగా తీయాలంటే 23.5 ఇంటూ 10 బై 2, దాదాపు 118 ఎం.ఎం. కావాలి. కిట్ లెన్సుకు అది అందదు, ఆవిడ దగ్గరున్న 55-200కు సులువుగా అందుతుంది. బయోన్ ముఖాలకూ అదే. 100 దగ్గర పెట్టి దూరం నుంచి తీస్తే ముందు ముఖం, వెనక ముఖం ఒకదానికొకటి దగ్గరగా వచ్చినట్టు కనిపిస్తాయి.

"కిట్ లెన్సులోనే 35 ఉంది కదన్నా, మళ్లీ 35 విడిగా ఎందుకు?" అన్నారు. మంచి ప్రశ్న. నోటితో చెప్పకుండా ఒంటిమిట్టకు తీసుకుపోయాను. కోదండరామాలయం మంటపంలో సాయంత్రం ఒక స్తంభం ముందు నిలబెట్టి రెండు లెన్సులతోనూ తీయించాను. 35 దగ్గర ఆ కిట్ లెన్సు ఎఫ్ 4.5 కన్నా తెరుచుకోదు. విడి లెన్సు ఎఫ్ 1.8. 4.5ను 1.8తో భాగిస్తే 2.5, దాన్ని దానితోనే గుణిస్తే 6.25. ఆరు రెట్లు వెలుతురు. ఒకే షట్టర్ స్పీడుకు కిట్ లెన్సుతో ఐఎస్‌ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే అంకె, పెరిగేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 3200 కావాల్సిన చోట దీనితో 500 చాలింది. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే, విడి లెన్సు ఫొటోలో శిల్పం మెడలోని హారం పూసలు పూసలుగా లెక్కపెట్టేటట్టు ఉంది, కిట్ లెన్సుదాంట్లో ఇసుక చల్లినట్టు ఉంది. తూర్పు వసారాలో మధ్యాహ్నం దాటితే వెలుతురు తగ్గుతుంది. 35 సంచిలోకి చేరింది.

నాలుగో లెన్సు తమ్ముడి దగ్గర అరువు తెచ్చిన 70-200 ఎఫ్ 2.8. పెళ్లిళ్లలో దానికి సాటి లేదు. కానీ దాదాపు కేజిన్నర బరువు. మిగతా మూడూ వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూస్తే కలిపి 700 గ్రాముల పైచిలుకే. మన విమానాల్లో ఎకానమీ టికెట్‌కు చేతిసంచి సాధారణంగా 7 కేజీలే. కెమెరా, లెన్సులు చెక్‌-ఇన్ లగేజీలో వేయకండి. విడి బ్యాటరీలనైతే అందులో వేయనివ్వరు కూడా. ఎండలో బాంతే స్రే తీయడానికి ఎఫ్ 2.8తో పనిలేదు. అది తమ్ముడింటికి తిరిగి పోయింది.

లెన్సులు తక్కువైతే మార్చడమూ తగ్గుతుంది. ఒకసారి గండికోటలో పెన్నా లోయ అంచున, గాలి వీస్తుంటే నేను లెన్సు మార్చాను. ఆ సాయంత్రం ఎఫ్ 16లో తీసిన ప్రతి ఆకాశంలోనూ ఒకే చోట నల్లటి మచ్చ. సెన్సర్ మీద దుమ్ము. ఎఫ్ 2.8లో తీసినవాటిలో అది కనిపించనే లేదు, అందుకే ఇంటికి వచ్చేదాకా తెలియలేదు. గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు కిందికి వంచి, రెండో లెన్సు మూత ముందే వదులు చేసుకుని మార్చండి.

మన కడప ఎండకు అలవాటైనవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. అక్కడి గాలిలో తేమ ఎక్కువ. ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్సు అద్దం మీద ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడవద్దు. సంచి జిప్పు తీయకుండా అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి. సూర్యోదయానికి పోయేవాళ్లు దీన్ని లెక్కలో పెట్టుకుని గదిలోంచి బయలుదేరాలి.

ఖరీదైన సామాను ఉంటే పోయేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకు చూపించి, సీరియల్ నంబర్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు అక్కడ కొన్నారేమో, సుంకం కట్టాలేమో అన్న పేచీ రాదు.

ఈ వారం ఇంటిపని. మీ వీధిలో ఒక గోడో అరుగో చూసుకుని టేపుతో వెడల్పు కొలవండి. అది ఫ్రేములో సరిగ్గా నిండాలంటే మీ దగ్గరున్న లెన్సుతో ఎంత దూరంలో నిలబడాలో ముందు కాగితం మీద లెక్క కట్టండి. ఆ దూరం కొలిచి, అక్కడ నిలబడి తీయండి. లెక్కకూ ఫొటోకూ ఎంత తేడా వచ్చిందో రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం.