మ్యూరెన్‌లో స్కీ సెలవులు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

స్విట్జర్లాండ్‌లో లౌటర్‌బ్రునెన్ లోయ మీద, కొండ అంచున కూర్చున్నట్టు ఉంటుంది మ్యూరెన్. ఎత్తు 1,638 మీటర్లు. ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు. ఊరి జనాభా నాలుగైదు వందలు. మన కారు తీసుకెళ్దామంటే పైకి దారే లేదు. మేం జర్మనీ నుంచి మూడు చలికాలాలు వెళ్ళాం, ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చిన అత్తమామలతో. పెద్ద రిసార్టులో మరిచిపోయిన వస్తువు పక్క వీధిలో దొరుకుతుంది. ఇక్కడ పక్క వీధి ఉండదు. అందుకే కింద రాసిన వాటిలో చాలావరకు ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సినవి.

సమస్య: కావలసిన తేదీల్లో గదులే లేవు, ఉన్నవి అందని ధరలో ఉన్నాయి

కారణం: క్రిస్మస్, ఫిబ్రవరి రద్దీ అందరూ ఊహించేదే. ఫిబ్రవరిలో బ్రిటన్ బడుల సెలవులు, జర్మనీలో కొన్ని రాష్ట్రాల సెలవులు, స్విస్ కాంటన్ల (అక్కడి రాష్ట్రాల) స్పోర్ట్స్ సెలవులు ఒకదాని మీద ఒకటి పడతాయి. చాలామందికి తెలియనిది జనవరి సంగతి. 1928లో మొదలైన ఇన్‌ఫెర్నో స్కీ పోటీ జనవరిలో ఇక్కడే జరుగుతుంది. సుమారు 1,850 మంది ఊరి పైనున్న షిల్ట్‌హార్న్ శిఖరం వైపు నుంచి కిందికి, మంచు బాగుంటే లౌటర్‌బ్రునెన్ దాకా దూసుకొస్తారు. నాలుగైదు వందల మంది ఉండే ఊరికి అంతమంది పోటీదారులు, వాళ్ళ వెంట వచ్చేవాళ్ళు. ప్రశాంతత కోసం వెళ్ళినవాళ్ళకు ఆ వారం తిరునాళ్ళే.

పరిష్కారం: ముందు ఇన్‌ఫెర్నో తేదీ చూసి, ఆ వారం వదిలేసి మిగతా జనవరిలో వెతకండి. సంక్రాంతి సెలవులకు ఇండియా నుంచి వచ్చే కుటుంబాలకు ఇది బాగానే కుదురుతుంది. నన్నడిగితే మార్చి మధ్య ఇంకా మంచిది: పగలు పెద్దది, పిల్లలకు చలి తక్కువ. డిసెంబర్ మొదటి వారాలు చవకగా కనిపించినా మంచు పడుతుందన్న నమ్మకం లేదు. అపార్ట్‌మెంట్లను చాలామంది శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. హోటళ్ళలో అయితే మంగళవారం వచ్చి ఆదివారం వెళ్తామన్నా ఒప్పుకునేవాళ్ళు దొరుకుతారు, అడిగితే పోయేదేం లేదు.

సమస్య: గది ఉంది, వీసా చేతికి రాలేదు

ప్రయాణానికి నెల ముందు కదలడమే కారణం. స్విట్జర్లాండ్‌కు కావలసిన షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, చివరి గడువు 15 రోజుల ముందు. ఆ చివరి గడువును ప్లాన్ అనుకోకండి. డబ్బు తిరిగిచ్చే బుకింగే చేసుకుని, అపాయింట్‌మెంట్ దొరికిన రోజే వెళ్ళిపోండి.

సమస్య: ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటే, స్కీయింగ్‌కు వర్తించదన్నారు

కారణం: వీసాకు కావలసింది కనీసం 30,000 యూరోల వైద్య బీమా. దాన్ని చూపించడానికి తీసుకునే చవక పాలసీల్లో చాలావాటిలో చలికాలపు క్రీడలు ఉండవు. ఆ మాట పాలసీలో ఎక్కడో చివరి పేజీలో ఉంటుంది.

పరిష్కారం: స్కీయింగ్‌తో పాటు కొండ మీద నుంచి దించే ఖర్చు, హెలికాప్టర్ ఖర్చు కూడా వస్తాయని రాతపూర్వకంగా తెప్పించుకోండి. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ రక్షణ సంస్థ రెగా, నంబరు 1414. ఫోన్‌లో ముందే దాచుకోండి.

సమస్య: మ్యూరెన్‌లో దిగాం, హోటల్ ఊరి అవతలి చివర ఉంది

మాకు జరిగిందిదే. రాత్రి ఎనిమిది గంటలు, సన్నగా మంచు పడుతోంది, మామయ్యగారి చేతిలో రెండు పెద్ద సూట్‌కేసులు. "చక్రాలున్నాయిగా బాబూ, లాక్కుపోదాం" అన్నారాయన. తాజా మంచులో చక్రాలు తిరగవు, దున్నుతాయి. పది పదిహేను నిమిషాల నడక అరగంట దాటింది.

కారణం: మ్యూరెన్‌కు రెండు గుమ్మాలు. ఒకటి, లౌటర్‌బ్రునెన్ స్టేషన్ ఎదురుగా ఉన్న కేబుల్ కార్‌లో గ్రూచాల్ప్ ఎక్కి, అక్కడ చిన్న రైలు అందుకోవడం. అది ఊరి ఉత్తరం వైపు దింపుతుంది. రెండోది, లోయలో బస్సులో స్టెకెల్‌బెర్గ్ వెళ్ళి అక్కడ కేబుల్ కార్ ఎక్కడం. అది దక్షిణం చివర దింపుతుంది. 2024 డిసెంబర్ నుంచి స్టెకెల్‌బెర్గ్ కేబుల్ కార్ నేరుగా మ్యూరెన్‌కే వస్తోంది. వాలు 159.4 శాతం, ప్రపంచంలోనే అత్యంత నిటారైనది. నాలుగు నిమిషాల్లో పైన ఉంటారు, కానీ ఎత్తంటే భయపడేవాళ్ళను కిటికీ దగ్గర నిలబెట్టకండి.

పరిష్కారం: బుక్ చేసేటప్పుడే హోటల్‌ను ఒక్క ప్రశ్న అడగండి: మీకు ఏ స్టేషన్ దగ్గర? దాన్నిబట్టి దారి ఎంచుకోండి. సామాను తీసుకెళ్ళడానికి మనిషిని పంపే హోటళ్ళూ ఉన్నాయి, ఏ రైలుకు దిగుతారో ముందే చెప్పాలి. కారులో వచ్చేవాళ్ళు దాన్ని లౌటర్‌బ్రునెన్‌లోనో స్టెకెల్‌బెర్గ్‌లోనో వదలాలి. చీకటి పడ్డాక చేరే రైలు పెట్టుకోవద్దు. జ్యూరిక్ విమానాశ్రయం నుంచి బెర్న్, ఇంటర్‌లాకెన్ మీదుగా రైళ్ళు మారుతూ రావడానికి దాదాపు మూడున్నర గంటలు పడుతుంది. మధ్యాహ్నం దిగే విమానమైతే టెన్షన్ ఉండదు.

ఒక చిన్న లెక్క కూడా. దేశమంతా రైళ్ళు, బస్సులు ఎక్కనిచ్చే స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే మ్యూరెన్ దాకా ప్రయాణం అందులోనే వస్తుంది, స్కీ పాస్ మాత్రం వేరే కొనాలి. వారమంతా ఒకే ఊళ్ళో ఉండేవాళ్ళకు ఆ పాస్ దండగ. టికెట్లు సగం ధరకు ఇప్పించే హాఫ్ ఫేర్ కార్డు చాలు.

సమస్య: మొదటి రోజే కాళ్ళు మొద్దుబారాయి, పిల్లాడు ఇక రానంటున్నాడు

కారణం ఎక్కువసార్లు సాక్సే. చలికి భయపడి రెండు జతలు వేస్తాం. బూటు బిగుసుకుని రక్తం ఆడదు, అందుకే ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే ఉన్ని సాక్స్ ఒక్క జత చాలు. లోపలి ప్యాంటు అంచు బూట్లోకి దూర్చకండి. అద్దె దుకాణంలో బరువు అడిగితే నిజం చెప్పండి, సిగ్గుపడి ఐదు కిలోలు తగ్గించకండి. పడినప్పుడు స్కీ ఎంత ఒత్తిడికి ఊడిపోవాలో ఆ అంకెను బట్టే బిగిస్తారు.

రెండో కారణం వాలు. స్విట్జర్లాండ్‌లో సులువైన వాలుకు నీలం, మధ్యస్థానికి ఎరుపు, కష్టమైనదానికి నలుపు గుర్తులు. మ్యూరెన్‌లో ఎరుపు, నలుపుల పాలు ఎక్కువ. నిజానికి ఇది ఆరితేరినవాళ్ళు కోరుకునే కొండ. జెండా కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే నేటి స్లాలమ్ పోటీకి రూపమిచ్చినది 1922లో ఇక్కడే, మొదటి ఆల్పైన్ ప్రపంచ పోటీలు 1931లో జరిగిందీ ఇక్కడే. కొత్తవాళ్ళు మొదటి మూడు రోజులు ఉదయం పూట క్లాసులు పెట్టుకుని, మధ్యాహ్నం మానేయండి. ఇంగ్లీషు మాట్లాడే శిక్షకుడు కావాలంటే స్కీ స్కూల్‌ను గదితో పాటే బుక్ చేయాలి. ఇంట్లో అందరూ కొత్తవాళ్ళే అయితే, మొహమాటం లేకుండా చెబుతున్నా, లోయకు అవతల ఉన్న వెంగెన్ మీకు సులువు.

సమస్య: ఆరు రోజుల పాస్ కొన్నాం, పై లిఫ్టులు మూసేశారు

కారణం: షిల్ట్‌హార్న్ 2,970 మీటర్లు. పొగమంచు కమ్మినా, ఫ్యోన్ (Föhn) అని పిలిచే దక్షిణపు గాలి గట్టిగా వీచినా పైభాగం మూతపడుతుంది. ఊళ్ళో ఎండ కాస్తుంటే ఎందుకు మూశారో మనకు అర్థం కాదు.

పరిష్కారం: మొత్తం యుంగ్‌ఫ్రౌ ప్రాంతానికి వర్తించే పాస్, మ్యూరెన్-షిల్ట్‌హార్న్‌కే పరిమితమైన పాస్ వేర్వేరు. మొదటిది తీసుకుంటే లోయకు అవతల ఉన్న క్లైన షైడెగ్ వైపు వెళ్ళొచ్చు, కానీ ముందు కిందికి దిగి మళ్ళీ ఎక్కాలి, సగం పూట ప్రయాణానికే పోతుంది. చిన్న పిల్లలతో అది అయ్యే పని కాదు. రెండు మూడు రోజుల చిన్న పాస్ కొని, వాతావరణం చూసి పొడిగించుకోండి. ఎక్కువ రోజుల పాస్ రోజు లెక్కన చవకే, లిఫ్టులు తిరిగితే. రోజూ ఉదయం కొండ మీది కెమెరాల చిత్రాలు చూసి బయల్దేరండి. మూతపడిన రోజున స్లెడ్జ్ అద్దెకు తీసుకోండి, పిల్లలకు అదే పండగ.

సమస్య: స్కీ చేయని పెద్దవాళ్ళకు రెండో రోజుకే ఏం తోచడం లేదు

ఊరు చిన్నది, ఆ చివర నుంచి ఈ చివరకు నడిస్తే అయిపోతుంది. చలికాలంలోనూ నడవడానికి చదును చేసిన బాటలున్నాయి, అల్మెండ్‌హూబెల్‌కు ఊళ్ళోంచే చిన్న కొండరైలు ఉంది. షిల్ట్‌హార్న్ పైన తిరిగే రెస్టారెంటుకు స్కీలు లేకుండానే వెళ్ళొచ్చు. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్ళు దాదాపు మూడు వేల మీటర్లకు ఒక్కసారిగా ఎక్కేముందు డాక్టరును అడగాలి. అత్తయ్యగారికైతే బాల్కనీలో ఎండ, ఎదురుగా యుంగ్‌ఫ్రౌ ఉంటే చాలింది. గదికి ఆ వైపు బాల్కనీ ఉందో లేదో చూసి తీసుకోండి.

సమస్య: రాత్రి తొమ్మిదికి వెళ్తే వంటిల్లు మూసేశారు, శాకాహారం కూడా లేదు

కారణం: ఇక్కడ భోజనం పెందలాడే ముగుస్తుంది. ఇంకొకటి, శాకాహారంగా కనిపించేవన్నీ శాకాహారం కావు. బంగాళాదుంపల రోష్టిని ఒక్కోచోట పంది కొవ్వులో వేయిస్తారు, సూప్‌లో మాంసపు రసం ఉండొచ్చు. రొట్టె ముక్కలు ముంచుకుని తినే కరిగించిన చీజ్, అంటే చీజ్ ఫాండ్యూలో వైట్ వైన్, కిర్ష్ అనే చెర్రీ సారా పోస్తారు. మామయ్యగారు రెండు ముక్కలు తిన్నాక ఆ సంగతి తెలిసింది.

పరిష్కారం: వంటిల్లున్న అపార్ట్‌మెంట్. బియ్యం, పప్పు, పొడులు, ఆవకాయ తెచ్చుకోండి. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళు నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి పెట్టెలో పెట్టొద్దు. పాల, మాంస పదార్థాలు ఈయూ బయటి నుంచి తేకూడదు, పట్టుకుంటే పారేస్తారు. నెయ్యి బదులు అక్కడి సూపర్ మార్కెట్‌లో బ్రాట్‌బుటర్ అని అడగండి. కాచిన వెన్నే, ఆవకాయన్నంలోకి సరిపోతుంది.