కర్తరి ఎండల్లో కమిలి పొరలు లేచిన చర్మం: వ్యాయామం చేసేవారికి జాగ్రత్తలు

మే 4వ తేదీ ప్రాంతంలో మన పంచాంగాల్లో కర్తరి మొదలవుతుంది. చెన్నైలో ఇరుగుపొరుగువారు కత్తిరి అనీ, అగ్నినక్షత్రమనీ పిలిచే ఈ ఎండల్లోనే ఉదయపు పరుగు మానలేనివారు భుజాలూ మెడ వెనుక భాగమూ కమిలించుకుంటారు.

చెన్నైలోని మెరీనా సముద్రతీరం తూర్పు ముఖంగా ఉండడం వల్ల పొద్దు పొడిచింది మొదలు అడ్డులేని ఎండ పడుతుంది. తొలి గంటలో దాని తీవ్రత తక్కువే గాని, ఎనిమిది దాటాక అతినీలలోహిత కిరణాలు త్వరత్వరగా పెరుగుతాయి. పొడి ఇసుక వాటిలో సుమారు 15 శాతాన్ని తిరిగి ఒంటిమీదికి కొడుతుంది. గాలి చల్లగా తగులుతూ ఉంటే చర్మం ఎంత కమిలిందో అప్పటికప్పుడు తెలియదు. మంట కొన్ని గంటల తరువాత మొదలై, 12 నుంచి 24 గంటల మధ్య ముదురుతుంది. చామనఛాయ ఒంటిమీద ఎరుపు స్పష్టంగా కనబడదు కనుక, ముట్టుకుంటే తగిలే వేడినీ, చర్మం బిగదీసినట్లుండడాన్నీ గుర్తుగా తీసుకోవాలి.

మంట ఉన్నన్నాళ్లూ వ్యాయామం పూర్తిగా మానడమే మేలు. కమిలిన చోట చెమట సరిగా పట్టదు, ఒంట్లో నీరూ తగ్గి ఉంటుంది. అటువంటి స్థితిలో పరుగెత్తితే వడదెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది. చన్నీటి స్నానం, తడిగుడ్డ, వాసనలు కలపని కలబంద గుజ్జు చాలు. ఐసును నేరుగా పెట్టరాదు. నువ్వులనూనె మర్దన ఇంట్లో పెద్దవాళ్లు ఎంత ప్రేమగా చేస్తామన్నా ఆ రెండు మూడు రోజులు వద్దనాలి, ఎందుకంటే జిడ్డు వేడిని బయటికి పోనివ్వదు.

అసలు పొరపాటు జరిగేది పొర లేచే దశలో. మూడో రోజు తరువాత ఎప్పుడైనా చర్మం ఉల్లిపొరలా ఊడటం మొదలుకాగానే నొప్పి తగ్గుతుంది, మానిపోయిందనుకుంటాం. ఒక వేసవిలో నేనూ అలాగే అనుకుని ఆరో రోజున వీపుకు సంచి తగిలించుకుని బయలుదేరాను. అరగంటలో పట్టీ కింద రూపాయి బిళ్లంత మేర ఒరుసుకుపోయి, చెమట ఉప్పు తగిలి, బట్ట అంటుకుపోయింది. ఊడిన పొర కింద ఉన్నది ఇంకా గట్టిపడని లేత చర్మం. అది రాపిడికీ ఎండకూ తట్టుకోలేదు.

కనుక ఆ రోజుల్లో ఇంట్లో ఫ్యాను కిందో, నీడలోనో తేలిక వ్యాయామం చేయాలి. కుట్లు భుజం మీద పడని వదులైన నూలు చొక్కా వేసుకోవాలి. బరువుల కడ్డీని భుజాలకెత్తుకునే వ్యాయామమూ, క్లోరిన్ కలిపిన కొలనులో ఈతా పొర లేవడం ఆగేదాకా మానాలి. చెమట ఆరకముందే గోరువెచ్చని నీటితో కడిగి, తువాలుతో రుద్దకుండా అద్ది, తడి ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. వేలాడే పొరను గోటితో లాగితే మంచి చర్మం కూడా చీరుకొస్తుంది. శుభ్రమైన కత్తెరతో అంచు కత్తిరించుకోవచ్చు. సున్నిపిండి, బీరపీచు, నిమ్మరసం జోలికి వెళ్లకూడదు. బొబ్బలను చిదపరాదు.

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ వంటి కొన్ని మందులు వాడేవారి చర్మం ఎండకు మరింత త్వరగా కమిలిపోతుంది. అటువంటివారు వైద్యులను ముందే అడగాలి. పెద్ద బొబ్బలు, చీము, చలిజ్వరం, వాంతులు, తల తిరగడం కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వేలితో నొక్కినా నొప్పి లేక, కొత్త పొర లేవడం ఆగిపోయాకే ఆరుబయటికి రావాలి. మొదటి రోజు 20 నిమిషాలు చాలు, అదీ ఉదయం ఆరున్నరలోపు. నిండు చేతుల చొక్కా వేసుకుని, బయటపడే భాగాలకు బయలుదేరే 15 నిమిషాల ముందే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే శక్తిని తెలిపే అంకె) 30కి తగ్గని, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ పట్టించాలి. చెవుల వెనుక రాయడం చాలామంది మరచిపోతారు.