గుణింతాలన్నీ గడగడా చెబుతారు, మాట విడదీయమంటే తెల్లముఖం!

యూకేజీ, ఒకటో తరగతి పిల్లల సంగతి ఇది. పలకా బలపం కాసేపు పక్కన పెట్టండి, మాటలోని శబ్దాలను విని పట్టుకోవాలి, ఇక్కడ పనంతా చెవిదే.

సమస్య: 'బెజవాడ'లో ఎన్ని ముక్కలంటే పాప చెప్పలేకపోతోంది.

ఆ వయసులో మాట వినగానే వస్తువే గుర్తొస్తుంది, చప్పుడు మీదికి ధ్యాస పోదు. 'రైలు' పెద్ద మాటా, 'సీతాకోకచిలుక' పెద్ద మాటా అని అడిగి చూడండి. చాలామంది రైలే అంటారు. రైలు పెద్దది కదా మరి!

ముక్కకో చప్పట్టుతో మొదలుపెట్టండి. గుం-టూ-రు మూడు, ప-ట-మ-ట నాలుగు. బస్టాండు నుంచి ఇంటికొచ్చే దారిలో బోర్డుల మీద పేర్లు చాలు. తర్వాత తీసేసే ఆట: 'మంగళగిరి'లో 'మంగళ' తీస్తే? 'తెనాలి'లో 'తె' తీస్తే? 'నాలి' అని పకపకా నవ్వారంటే పట్టుకున్నట్టే. ఇక మన చిన్నప్పటి క-భాష నేర్పేయొచ్చు. 'నేను' అంటే 'కనేకను', 'బెజవాడ' అంటే 'కబెకజకవాకడ'. అల్లరిలా కనిపిస్తుంది గానీ, మాటను ముక్కలు చేయకుండా ఆ భాష ఒక్క ముక్క కూడా మాట్లాడలేం.

సమస్య: 'మెడ', 'మేడ' బాబు ఒకేలా రాస్తున్నాడు. 'గడి', 'గడ్డి' కూడా అంతే.

గుణింతం రాగం తీస్తూ బట్టీ పట్టడంతో దీర్ఘం ఆ వరుసలో ఉంటేనే తెలుస్తుంది. రెండు బొమ్మలు గీసి మీరు ఒక మాట అనండి, వాడు బొమ్మ ముట్టుకోవాలి. దీర్ఘానికి చేయి చాచడం, ఒత్తుకు పిడికిలి బిగించడం. వారం పాటు రాయించొద్దు. వెనకనుంచి పిలిస్తే పలకకపోయినా, తరచూ జలుబు చేసి చెవి కారుతున్నా ఆటలకంటే ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

సమస్య: 'కాలు'లో మొదటి శబ్దం ఏదంటే 'కా' అంటోంది.

తిట్టకండి. తెలుగు అక్షరంలో హల్లూ అచ్చూ కలిసే ఉంటాయి, కాబట్టి పిల్ల విన్నది సరిగ్గానే విన్నది. విడదీయడం తర్వాతి మెట్టు. గుణింతాన్నే అడ్డంగా వాడండి: కి, మి, తి, లి... అన్నింట్లో ఉన్నదేంటి? తర్వాత ఒక్కొక్క శబ్దం మారుస్తూ పోవాలి: పాలు, కాలు, కీలు, వీలు, వేలు. ప్రతిసారీ 'ఏది మారింది?' అని అడగండి.

సమస్య: ఇంగ్లీషు ఫోనిక్స్‌లో, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదివే పద్ధతిలో, 'బ్యాట్' కలిపి చదవలేకపోతున్నాడు.

మనది అజంత భాష. మాట అచ్చుతో ముగియాలి, అందుకే బస్ మన నోట బస్సు అయింది. టీచరమ్మ కూడా 'బ', 'ట' అని అచ్చు తగిలించి చెబితే వాడు ఎంత కలిపినా 'బ్యాట్' రాదు. స్‌స్‌స్, మ్‌మ్‌మ్, న్‌న్‌న్ లాంటి సాగే శబ్దాలున్న 'సన్', 'మ్యాన్' ముందు చెప్పించండి. సాగదీసి పలికితే అచ్చు చొరబడదు. అవి వచ్చాకే 'బ్యాట్', 'కప్' ముట్టుకోవాలి.