మోకాలి చిప్ప నొప్పికి బ్రేస్ - 3వ పాఠం: జారుతోందని బిగించకండి

ఈసారి చిప్ప కింద కట్టే సన్న పట్టీ గురించి చెప్తానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. కొలతల పాఠం చూసి బ్రేస్, అంటే మోకాలికి వేసుకునే తొడుగు, తెచ్చుకున్న చాలామందిది ఒకటే బాధ: నాలుగడుగులు వేసేసరికి కిందికి జారిపోతోంది.

ప్యాంటు మీద నుంచి కొలిచారా? అయితే మళ్లీ కొలవండి. నిలబడి, చర్మం మీద, టేపు ఊరికే ఆనితే చాలు. ఒక కంపెనీ చిప్ప మధ్యలో చుట్టుకొలత అడుగుతుంది, ఇంకోటి చిప్పకు పైన 15 సెంటీమీటర్ల దగ్గర తొడ కొలత అడుగుతుంది. ఒకదాని కొలతతో ఇంకోదాని సైజు పట్టిక చూస్తే తేడా వస్తుంది. కొలత రెండు సైజుల మధ్య పడితే, పట్టీలున్న రకంలో పెద్దదే తీసుకోమంటాను. కాలికి నూనె, క్రీమ్ రాసుకుంటే మాత్రం ఏ సైజైనా జారుతుంది.

ఇక అసలు తప్పు, జారుతోందని పై పట్టీని బిగించడం. తొడ గరాటులా పైన లావు, కింద సన్నం. పైన ఎంత బిగిస్తే బ్రేస్ అంతగా సన్నమున్న వైపుకి దిగుతుంది. దాంతో పాటు చిప్ప కోసం వదిలిన రంధ్రమూ దిగి, దాని పై అంచు చిప్ప మీద కూర్చుంటుంది. చిప్పను వెనకున్న తొడ ఎముకకు అదుముతుంది. మీకు నొప్పి పుట్టేది సరిగ్గా అక్కడే! కింది పట్టీని బిగించినా ప్రమాదమే. మోకాలికి బయటివైపు, కాస్త కింద చేతికి తగిలే ఎముక బొడిపెను చుట్టుకుని ఒక నరం పోతుంది. అది నొక్కుకుంటే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. పిక్క ఉబ్బినా, వేళ్లు చల్లబడినా, రంగు మారినా వెంటనే విప్పేయండి.

కుర్చీ అంచున కూర్చుని, మోకాలు కొద్దిగా వంచి, చిప్పను రంధ్రం మధ్యకు తెచ్చుకోండి. లోపల వంపు మెత్త ఉంటే అది సాధారణంగా బయటివైపు రావాలి, ఎందుకంటే చిప్ప ఎక్కువగా అటే జరుగుతుంది. ముందు కింది పట్టీ, తర్వాత పైది. రెండింటి కిందా రెండేసి వేళ్లు దూరాలి. కాసేపు నడిచి మళ్లీ చూసుకోండి.

అభ్యాసం: వారం రోజులు ఒకే మెట్లు, ఒకే వేళ. ఒకరోజు బ్రేస్‌తో, ఒకరోజు లేకుండా దిగండి. దిగేటప్పుడూ, మర్నాడు పొద్దునా నొప్పికి పదికి ఎన్నో రాయండి. కనీసం రెండు అంకెలు తగ్గకపోతే బ్రేస్ మానేయండి. 2019లో అమెరికాలో వచ్చిన ఫిజికల్ థెరపీ మార్గదర్శకాలు ఈ నొప్పికి బ్రేస్ రాయవద్దనే అంటాయి, తుంటికీ మోకాలికీ వ్యాయామమే ముఖ్యమంటాయి. కొందరికి బ్రేస్‌తో వ్యాయామం సులువవుతుంది, నేను వాడమనేది అందుకే. కాబట్టి మొదటి పాఠంలోని తొడ, తుంటి వ్యాయామాలు ఈ వారం కూడా ఆపొద్దు. మోకాలు వాచినా, పట్టేసి కదలకపోయినా, నడుస్తూ ఉన్నట్టుండి మడతపడినా అభ్యాసం పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోండి.