గుండీలతో, పుల్లలతో కుదిరిన లెక్కలు: నా అనుభవం

మా పాప కథలు గడగడా చదివేసేది. 8+5 అంటే మాత్రం తొమ్మిదేళ్లొచ్చినా ఒకటి నుంచి వేళ్లు మడిచేది. 42లోంచి 17 తీసేయమంటే 35 అని రాసేది. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచే 2 తీసేసేదన్నమాట. బద్ధకమనుకుని ఎక్కాలు వందసార్లు రాయించాను. చాలా తప్పు చేశాను. పరీక్ష చేయించాక తెలిసింది, అది డిస్కాల్క్యులియా అని, అంటే తెలివికి లోటు లేకపోయినా అంకెలు, లెక్కలు పట్టుబడని ఇబ్బంది.

పుస్తకం మూసేసి, అట్టమీద ఐదేసి గళ్లు రెండు వరుసలు గీశాను. ఎనిమిది గుండీలు పెడితే రెండు గళ్లు ఖాళీ. విడిగా పెట్టిన ఐదింట్లోంచి రెండు అక్కడికి జరిపింది. "పది నిండింది, ఇంకా మూడున్నాయి... పదమూడు!" ఆ గొంతు ఇంకా నా చెవుల్లో ఉంది.

తీసివేతకి పుల్లలు, పదింటికో రబ్బరు బ్యాండు. 42 అంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు తీయాలంటే కట్ట విప్పక తప్పదు. అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో అప్పుడర్థమైంది తనకి. ముందు పుల్లలు, తర్వాత వాటి బొమ్మలు, ఆ తర్వాతే అంకెలు. నేను తొందరపడిన ప్రతిసారీ కథ మళ్లీ మొదటికొచ్చేది.

రోజుకి పదిహేను నిమిషాలే. గడియారం పెట్టను, వేళ్లు వాడొద్దనను. ఏడో ఎక్కం ఇంకా తడబడుతోంది, పట్టిక పక్కనే ఉంచుతున్నాను. మొన్న 63లోంచి 28 పోతే 35 అని పుల్లలు ముట్టకుండానే చెప్పింది.