ఇంటి దాణాతో కోళ్లు గుడ్లు తగ్గిస్తే ముందు బస్తా అడుగు చూడండి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పెరట్లోనో డాబా మీదో పది, ఇరవై కోళ్లు పెంచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. దాణా కూడా ఇంట్లోనే కలుపుకుంటున్నారు. మంచిదే. కానీ కోడి కాస్త డల్‌గా కనపడగానే మందుల షాపుకు పరిగెడతారు. లివర్ టానిక్, విటమిన్ చుక్కలు, యాంటీబయాటిక్ అన్నీ అయిపోయాక ఫోన్ చేసి ఏం చేయమంటారని అడుగుతారు. బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి చూశారా అంటే, మూతి విప్పి చూశాం, బాగానే ఉంది అంటారు. మూతి దగ్గర ఎప్పుడూ బాగానే ఉంటుంది. చెమ్మ చేరేది నేలకు ఆనిన చోట, గోడకు ఆనిన చోట.

అందుకని ఏ లక్షణం కనపడినా ముందు ఈ పని చేయండి. మోచేతిదాకా చెయ్యి లోపలికి దింపి, అడుగున ఉన్న గింజలు గుప్పెడు తీయండి. చేతికి వెచ్చగా తగిలిందా, గడ్డ కట్టిందా, ముక్కిన వాసన వస్తోందా చూడండి. రెండు నిమిషాల పని. ఆ తర్వాతే కిందివి చదవండి.

నేను చెప్పేవన్నీ గుడ్లు పెట్టే పెట్టల దాణా లెక్కన చెబుతున్నాను. పది కిలోలకు మా లెక్క ఇది: మొక్కజొన్న 5 కిలోలు, సోయా చెక్క 2 కిలోలు, నూనె తీసిన తవుడు కిలోన్నర, ఉప్పు వేయని ఎండు చేప పొడి అరకిలో, ఆల్చిప్పల గుల్ల 800 గ్రాములు, కోళ్ల మినరల్ మిక్చర్ 200 గ్రాములు, పైన 30 గ్రాముల ఉప్పు. ప్రోటీన్ 17 శాతం దాటుతుంది, కాల్షియం మూడున్నర శాతం దగ్గరకు వస్తుంది. చేప దొరక్కపోతే చాలామంది వేరుశనగ చెక్క వేస్తారు. దాని సంగతి కింద వస్తుంది.

గుడ్లు ఒక్కసారిగా తగ్గాయి, కోళ్లు మాత్రం హుషారుగానే ఉన్నాయి

నీళ్లు చూడండి. కోడి తిన్న దాణాకు రెండింతల నీళ్లు తాగుతుంది, మే నెలలో ఇంకా ఎక్కువ. డాబా మీద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతే కోడి ముట్టదు. ఒక్క పూట నీళ్లు లేకపోయినా ఆ దెబ్బ కొన్ని రోజులు గుడ్లలో కనపడుతుంది. టబ్బు నీడలోకి మార్చి, పదకొండు గంటలకు, రెండు గంటలకు నీళ్లు మార్చండి.

చలికాలమైతే వెలుతురు. పెట్టకు రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. డిసెంబరులో మనకు పగలు 11 గంటల పైచిలుకే. తెల్లవారుజామున ఒక చిన్న బల్బు వెలిగిస్తే సరిపోతుంది. ఈకలు రాలుస్తున్నా, పొదుగుకు కూర్చున్నా గుడ్లు ఆగుతాయి. అది జబ్బు కాదు, వదిలేయండి.

గుడ్డు పెంకు పలచన, తోలు గుడ్లు

గుల్ల వేస్తున్నాం అంటారు. ఏ గుల్ల అని అడిగితే మెత్తటి పొడి చూపిస్తారు. ఆ పొడి దాణాలోంచి జారి తొట్టి అడుగున చేరుతుంది, కోడి పైన గింజలు ఏరుకుని వెళ్లిపోతుంది. సాయంత్రం తొట్టి వంచి చూస్తే తెల్లగా పేరుకుని కనపడుతుంది. కందిపప్పు బద్ద అంత ముక్కలు తెచ్చి విడిగా ఒక చిప్పలో పెట్టండి. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రిపూట, అందుకని సాయంత్రం తిన్న ముక్కల గుల్ల బాగా పనికొస్తుంది. ఎండాకాలంలో నోరు తెరిచి రొప్పే కోడికి రక్తంలో బైకార్బొనేట్ తగ్గుతుంది, గుల్ల ఎంత వేసినా పెంకు పలచనే. అప్పుడు నీడ, చల్లటి నీళ్లు, దాణా పొద్దున్నే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి.

రెట్ట నీళ్లలా పోతోంది, తొట్టి దగ్గరే తచ్చాడుతూ తెగ తాగుతున్నాయి

ఎండు చేపలు. బజారులో దొరికే ఎండు చేపల్లో చాలావరకు ఉప్పు పట్టించినవే. పొడి కొట్టి కలిపేసి, పైన మళ్లీ లెక్క ప్రకారం ఉప్పు వేస్తారు. ఒక ముక్క నాలుక మీద పెట్టుకుంటే తెలిసిపోతుంది. ఉప్పగా ఉంటే ఆ చేప కోళ్లకు వద్దు, సోయా చెక్క పెంచుకోండి. మంచి నీళ్లు ఎప్పుడూ ముందు ఉంచండి. రెట్టలో రక్తం కనపడితే, అందులోనూ కోడిపిల్లల్లో, అది వేరే సంగతి: రక్త పారుడు. డాక్టరు దగ్గరకు వెళ్లండి, గూట్లో తడి ఊక మార్చండి.

ఏదీ చావట్లేదు, ఏదీ బాగాలేదు

ఇదే నన్ను ఎక్కువగా దెబ్బ తీసింది, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

లక్షణాలు మెల్లగా వస్తాయి. మేత కాస్త మిగులుతుంది. గుడ్డు చిన్నదవుతుంది, తర్వాత సంఖ్య తగ్గుతుంది. ఎర్రగా ఉండాల్సిన తురాయి పాలిపోతుంది. ఈకలకు నిగనిగ పోతుంది. టీకాలు టైముకు వేయించినా ఒకదాని తర్వాత ఒకటి జబ్బులు తగులుకుంటాయి. కోసినప్పుడు చర్మం కింద, రెక్కల దగ్గర రక్తం కమిలిన మచ్చలు కనపడతాయి. ఒక్కో లక్షణానికి ఒక్కో మందు వాడతాం. కారణం మాత్రం ఒకటే, అది దాణాలో ఉంది.

బూజు విషం, అఫ్లాటాక్సిన్ అంటారు. ఆస్పర్జిల్లస్ అనే బూజు మొక్కజొన్న, వేరుశనగ చెక్క మీద పెరిగి దీన్ని వదులుతుంది. ఇది మొదట బయటపడింది కూడా పక్షుల్లోనే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, చివరికి దోషం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో తేలింది. మన గానుగల దగ్గర చవగ్గా దొరికే చెక్క అంటే ఎంత జాగ్రత్తగా ఉండాలో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఇది దొంగ జబ్బు ఎందుకైందో చెబుతాను. పచ్చసొనకు కావలసిన సరుకు తయారయ్యేది కోడి కార్జంలో. విషం దెబ్బ కొట్టేది ఆ కార్జాన్నే. తిన్న రోజే గుడ్డు ఆగదు. అప్పటికే తయారవుతున్న సొనలు వరుసగా గుడ్లయి బయటికి వచ్చేస్తాయి, తగ్గుదల ఆ తర్వాత కనపడుతుంది. ఈలోగా చెడ్డ బస్తా అయిపోయి కొత్త బస్తా విప్పి ఉంటారు.

గుంటూరు శివారులో ఒకాయన గ్రామప్రియ రకం పెట్టలు పెంచుతారు. ఆగస్టులో గుడ్లు సగానికి పడిపోయాయని పిలిస్తే వెళ్లాను. దాణా అనుమానంగా ఉందన్నాను. "లేదన్నా, ఇది కొత్త బస్తా. వారం కిందటే తెచ్చాను, చూడు ఎంత బాగుందో" అన్నారు. నిజంగానే బాగుంది. పాతదాంట్లో ఏమైనా మిగిలిందా అని అడిగితే, మూల నున్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ము చూపించారు. మూత తీస్తే, లోపలి వైపు నీటి చుక్కలు వరసగా అంటుకుని ఉన్నాయి. అడుగున ఒక బకెట్టు మొక్కజొన్న ఉంది. పైకి పచ్చగా మెరుస్తోంది. ఒక గింజ విరిచి మొలక ఉండే మొన దగ్గర చూస్తే, పసుపూ ఆకుపచ్చా కలిసిన పొడి లాంటిది సన్నగా కనపడింది. ఏప్రిల్‌లో ఎండబెట్టిన గింజలు వేడిమీదే డ్రమ్ములో పోసి మూత బిగించారు. లోపలి ఆవిరికి బయటికి దారి లేదు. తర్వాత వానలు పడ్డాయి.

దుగ్గిరాల, కొల్లిపర, తెనాలి వైపు వరి కోశాక మొక్కజొన్న వేస్తారు, ఎండలు ముదిరే వేళకు పంట చేతికి వస్తుంది. సరుకు మంచిదే. చాలాసార్లు చెడేది మన ఇంటికి వచ్చాకే.

కోళ్లలో ఏదైనా చనిపోయినా, కోసినా, కార్జం చూడండి. మామూలుగా ముదురు ఎరుపు రంగులో, నున్నగా, అంచులు పదునుగా ఉంటుంది. విషం తిన్న కోడి కార్జం ఉబ్బి, పసుపు తిరిగి, వేలితో నొక్కితే చితికిపోతుంది. మొక్కజొన్న మరీ ఎక్కువ పెట్టి కొవ్వు పట్టిన కోడికీ కార్జం పసుపుగానే ఉంటుంది. కానీ ఆ కోడి బరువుగా, పొట్ట నిండా కొవ్వుతో ఉంటుంది. బక్కచిక్కిన కోడిలో పసుపు కార్జం కనపడితే దాణానే అనుమానించండి. ఆ కార్జం వండుకోకండి. గట్టిగా తేల్చుకోవాలంటే గన్నవరం పశువైద్య కళాశాలలో అడగండి, దాణా కూడా కొద్దిగా తీసుకెళ్లండి.

ఇప్పుడు చేయాల్సిన పని. అనుమానం ఉన్న దాణా మొత్తం ఆపేయండి. కొత్తదాంట్లో కొంచెం కొంచెం కలిపి ఖర్చు చేద్దామని చూడకండి. జల్లెడ పట్టి గడ్డలు తీసేసి మిగతాది వాడటం, ఎండబెట్టడం, పెనం మీద వేయించడం, ఏదీ పనిచేయదు. ఎండకు బూజు చచ్చినా అది అప్పటికే వదిలిన విషం గింజలోనే ఉంటుంది, వంట వేడికి కూడా పోదు. ఇంకొక తప్పు చాలా ఇళ్లలో చేస్తారు: కోళ్లకు పనికిరాని చెక్కను గేదెకు నానబెట్టి పెడతారు. ఆ విషం రూపం మార్చుకుని పాలల్లోకి వస్తుంది, ఆ పాలు మీ పిల్లలే తాగుతారు. బాతులకు అసలే వద్దు, అవి కోళ్లకంటే తొందరగా చస్తాయి. గొయ్యి తీసి పూడ్చేయండి. డబ్బు పోతుందని బాధ ఉంటుంది, నాకు తెలుసు. అయినా పూడ్చేయండి.

తర్వాత మంచి దాణా, అందులో ప్రోటీన్ కాస్త ఎక్కువ. టాక్సిన్ బైండర్ అని అమ్మే పొడి ప్యాకెట్టు మీద రాసిన మోతాదులో కలపండి. అది ఇకముందు తినేదాంట్లో ఉన్న కాస్త విషాన్ని పట్టుకుంటుంది. ఇప్పటికే పాడైన కార్జాన్ని బాగుచేయదు. చెడ్డ బస్తాకు అది వేసి వాడొచ్చని షాపులో చెబితే నమ్మకండి. గుడ్లు తిరిగి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. వారానికే రాలేదని మళ్లీ దాణా మార్చి, మళ్లీ మందు మార్చి, కోళ్లను ఇబ్బంది పెట్టకండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే కొనేటప్పుడే ఉప్పు పరీక్ష చేయండి. బాగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు మొక్కజొన్న, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి మూత పెట్టి గట్టిగా ఊపండి. కాసేపు ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో చెమ్మ ఉంది, నిలవ పెట్టడానికి పనికిరాదు. పొడిగా కిందకు రాలితే తీసుకోవచ్చు. చెమ్మ 12 శాతం దగ్గరుంటే నిశ్చింత. ఇంటికి తెచ్చాక విరిగిన గింజలు, దుమ్ము జల్లించి పారేయండి, బూజు ముందు పట్టేది వాటికే. ఎండబెట్టిన గింజలు పూర్తిగా చల్లారాకే బస్తాలో పోయండి. బస్తా ఇటుకల మీద చెక్కబల్ల వేసి, గోడకు జానెడు దూరంలో ఉంచండి. పిండి వారం పది రోజులకు సరిపడానే ఆడించండి. నూనె తీయని తవుడైతే మిల్లు నుంచి తెచ్చిన వారంలోపే వాడేయాలి, లేకపోతే చేదెక్కుతుంది.

తుఫానుకో వరదకో ఒకసారి తడిసిన ధాన్యం, నూకలు చవగ్గా వస్తాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తర్వాత కృష్ణా, గుంటూరు, బాపట్ల వైపు చేలల్లో ధాన్యం నానిపోయింది, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఇళ్లలోని సరుకులే నీళ్లలో మునిగాయి. అలా నానిన గింజ ఎంత బాగా ఆరబెట్టినా కోళ్లకు వద్దు.

ఇంకొక్క అలవాటు చేసుకోండి. విప్పిన ప్రతి బస్తా నుంచి గుప్పెడు గింజలు కాగితం పొట్లం కట్టి, తేదీ రాసి ఆరిన చోట దాచండి. గుడ్లు తగ్గిన రోజు చూడాల్సింది ఆ రోజు వాడుతున్న బస్తాను కాదు, దానికి ముందుదాన్ని. పొట్లం ఉంటేనే అది చూడగలరు.

మిగతావి

ఈకలు పీక్కుంటుంటే చోటు చాలట్లేదు, లేదా చెక్క తగ్గించేశారు. కోడిపిల్లలు కుంటుతుంటే పెట్టల దాణానే వాటికీ పెడుతున్నారేమో చూడండి. అంత గుల్ల పిల్లల కిడ్నీలను పాడుచేస్తుంది, వాటికి గుల్ల లేకుండా విడిగా కలపాలి. కడుపులో గుడ్డు చితకడం, గడ్డలు లాంటివి ఎప్పుడో ఒక కోడికి వస్తాయి, వాటికోసం దాణా మార్చక్కర్లేదు.

మెడ తిరగడం, పచ్చ రెట్ట, రోజుకు రెండు మూడు చావడం కనపడితే కొక్కెర తెగులు (రాణిఖేత్) అనుకుని ఆ పూటే పశువైద్యుడికి చెప్పండి. పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసినా సరే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, కాబట్టి ఒకేసారి చాలా చనిపోతే ఎవరికీ చెప్పకుండా సర్దేయొద్దు. చనిపోయిన కోళ్లను సంచిలో కట్టి కాలవలో వేయకండి. సున్నం చల్లి లోతుగా పూడ్చండి.