అడ్డం వచ్చే బండిని తప్పించుకోవడం ఎలా? ముందు బ్రేక్ పట్టడం నేర్చుకోండి

వరంగల్‌లో కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా రోజూ బండి మీద తిరిగే ఎవరిని కదిలించినా ఒక కథ ఉంటుంది. ఆటో సడెన్‌గా ఆపిండనో, కారోడు చూడకుండా యూటర్న్ కొట్టిండనో మొదలై "జరంతల తప్పింది" అని ముగుస్తుంది. ఆ తర్వాత ఆటోవాళ్లను తిట్టడం. తిట్టండి, నేనూ తిడతాను. కానీ కథ మధ్యలో ఆపి "అప్పుడు నీ చెయ్యి ఎక్కడుంది? ఏ బ్రేక్ కొట్టినవ్?" అని అడిగితే చాలామంది బిక్కమొహం వేస్తారు. కొందరైతే గర్వంగా "వెనక బ్రేకే కొట్టిన, ముందుది ముట్టనే లేదు" అంటారు. ఇది రాయడానికి కారణం ఆ గర్వమే.

ఎదుటి డ్రైవర్‌ను బాగుచేసే ఉపాయం ఇందులో లేదు. అతను అడ్డం వస్తాడని ముందే అనుకుని, మన వైపు నుంచి వరసగా చేయాల్సినవి చెప్తాను.

1. బండి, హెల్మెట్

ఇది తొందరగా ముగిద్దాం. టైర్లలో సరిపడా గాలి, అరగని గీతలు, రెండు అద్దాలు, వెలిగే బ్రేక్ లైటు. అద్దాలు తీసేస్తే బండి అందంగా ఉంటుందనేవాళ్లు ఈ వ్యాసం ఇక్కడే ఆపేయొచ్చు. ఐఎస్ఐ మార్కు ఉన్న, దవడను కూడా కప్పే ఫుల్ హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించాలి. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షనే చెప్తోంది. సగం హెల్మెట్, పట్టీ పెట్టని హెల్మెట్ లెక్కలోకి రావు. నల్ల జాకెట్ వద్దు. చెవుల్లో పాటలు అసలే వద్దు.

హెడ్‌లైటు గురించి ఒక మాట. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్లకు ఇంజన్ ఆన్‌లో ఉన్నంతసేపు లైటు వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ పోతుందని మెకానిక్‌తో దానికి స్విచ్ పెట్టించుకున్నవాళ్లను చూశాను. పగటి లైటు మనకు దారి చూపించడానికి కాదు, మనం ఎదుటివాళ్లకు కనిపించడానికి. ఎవరైనా ఎదురుగా వస్తూ వేళ్లు ముడిచి తెరిచి "లైటు, లైటు" అని సైగ చేస్తే తల ఊపి వెళ్లిపోండి.

2. రోడ్డు మీద మీ చోటు

రోడ్డు ఎడమ అంచుకు అతుక్కుని వెళ్తే క్షేమం అని పెద్దలు చెప్తారు. మన ఊరి రోడ్లలో అది పనికిరాదు. ఆగిన కార్ల డోర్లు తెరుచుకునేది అక్కడే. గల్లీల్లోంచి బండ్లు తలలు బయట పెట్టేదీ, ఇసుక పేరుకునేదీ, షేరింగ్ ఆటో వచ్చి ఆగేదీ అక్కడే. అంచుకు ఒక మీటరున్నర జాగా వదిలి వెళ్లండి. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి, వీలు చూసి పక్కకు జరగొచ్చు.

బస్సు వెనక ఉంటే దాని అద్దంలో డ్రైవర్ మొహం కనిపించేంత దూరంలో ఉండాలి. మీకు అతను కనిపించకపోతే అతనికి మీరు లేనట్టే. లారీకి ఎడమ పక్కన సందు కనిపించినా దూరకూడదు. లారీ ఎడమకు తిరిగితే ముందు చక్రం కంటే వెనక చక్రం లోపలి నుంచి కోసుకుంటూ వస్తుంది, ఆ సందు మాయమైపోతుంది.

సీజన్లు కూడా గుర్తుపెట్టుకోవాలి. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు బస్తాల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ట్రాలీలకు వెనక లైటు ఉందని ఆశపడకండి. వరి కోతలప్పుడు పరకాల, హుజూరాబాద్ వైపు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. రాత్రిపూట వడ్ల కంటే ప్రమాదం పట్టా ఎగరకుండా చుట్టూ పెట్టిన రాళ్లు. వడ్లు ఎత్తుకుపోయాక కూడా ఆ రాళ్లు అక్కడే ఉంటాయి. ఆ రోజుల్లో చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద నలభై దాటకూడదు.

3. మొహం కాదు, చక్రం చూడండి

"వాడు నన్ను చూసిండు, ఆగుతడనుకున్న." ప్రతి కథలో ఈ వాక్యం ఉంటుంది. కళ్లు మీ వైపు తిరిగినంత మాత్రాన చూసినట్టు కాదు. కారు ముందు అద్దానికి పక్కన ఉండే స్తంభం వెనక ఒక మోటార్‌సైకిల్ మొత్తం దాక్కుంటుంది. కనిపించినా బండి సన్నగా ఉంటుంది కాబట్టి అది ఎంత వేగంతో వస్తోందో అంచనా తప్పుతుంది.

అందుకే నేను ముందు చక్రాన్నే చూడమంటాను. ఆటోకైతే మరీ సులువు, ముందు ఒకటే చక్రం. ఇండికేటర్ వేయకపోయినా హ్యాండిల్ తిరిగితే చక్రం తిరగాల్సిందే. చక్రం తిరగకముందు కూడా కొన్ని గుర్తులు ఉంటాయి. రోడ్డు పక్కన ఎవరో చెయ్యి ఎత్తారంటే మీ ముందున్న ఆటో ఎడమకు కట్ కొడుతుంది. ఆటోలో కూర్చున్నామె ముందుకు వంగి డబ్బులు చేతిలోకి తీసిందంటే ఇంకో పది గజాల్లో ఆగుతుంది. డివైడర్ సందులో కారు మూతి కనిపించిందంటే అది వస్తుందనే అనుకోవాలి. ఫాతిమానగర్ నుంచి సుబేదారి దాకా ఈ మూడూ కలిపి ఎన్నిసార్లు కనిపిస్తాయో లెక్కపెట్టుకోండి, మంచి కాలక్షేపం.

ఇలాంటి గుర్తు కనిపించగానే రెండు పనులు చేయాలి. యాక్సిలరేటర్ వదలాలి. చూపుడు వేలు, మధ్య వేలు ముందు బ్రేక్ లివర్ మీదికి రావాలి. ఇంకా నొక్కొద్దు, ఊరికే అక్కడ ఉంచండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. వేలు లివర్‌ను వెతుక్కోవడానికి అర సెకను పట్టినా ఏడు మీటర్లు పోయినట్టే. ఊళ్లో తిరుగుతున్నంతసేపు ఆ రెండు వేళ్లు లివర్ మీదే ఉండాలి. నాలుగు వేళ్లతో పట్టేవాళ్లకు యాక్సిలరేటర్ మీద పట్టు ఉండదు.

4. బ్రేక్

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

మనలో చాలామందికి బండి నేర్పింది నాన్నో బాబాయో. నేర్పిన మొదటి రోజే "ముందు బ్రేక్ జోలికి పోకు బిడ్డా, పల్టీ కొడ్తవ్" అని చెప్పి ఉంటారు. డ్రమ్ బ్రేకులు, గులకరాళ్ల రోడ్లు ఉన్న రోజుల్లో చెప్పిన మాట అది. దాన్ని పట్టుకుని ఇప్పటికీ ముందు డిస్క్ ఉన్న బండిని వెనక పెడల్‌తో ఆపుతున్నారు.

బ్రేక్ పడగానే బండి బరువు ముందుకు వాలుతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ కిందికి దిగడం మీరే చూసి ఉంటారు. ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత తొక్కితే ఏం లాభం? తిరగడం ఆగి జారుతుంది, తోక పక్కకు కొడుతుంది, బండి ఆగదు. బండిని నిజంగా ఆపే బలం ఎక్కువగా ముందు చక్రం దగ్గరే ఉంది.

మరి పల్టీ కొట్టినవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లు ముందు బ్రేక్ వాడినందుకు పడలేదు, ఒక్కసారిగా గుంజినందుకు పడ్డారు. బరువు ముందుకు రాకముందే లివర్ మొత్తం లాగేస్తే ముందు చక్రం పట్టు దొరకక జారుతుంది. అందుకే రెండు దశలు. మొదట లివర్ బిగిసేదాకా లాగి, ఫోర్క్ దిగడం చేతికి తెలిసేదాకా ఆగాలి. ఇది కన్ను మూసి తెరిచేంతసేపే. ఆ తర్వాత నిమ్మకాయ పిండినట్టు ఒత్తిడి పెంచుతూ పోవాలి. బరువు ముందుకు వచ్చేకొద్దీ పిండొచ్చు. వెనక పెడల్ కూడా అదే సమయంలో మెత్తగా తొక్కాలి, బలంగా కాదు.

పిండేటప్పుడు హ్యాండిల్ తిన్నగా ఉండాలి. ఇది మరిచిపోతే పైన చెప్పినదంతా వృథా. బండి వంగి ఉన్నప్పుడో, హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడో ముందు బ్రేక్ గట్టిగా పడితే కింద పడతారు. ఇసుక మీద, వడ్ల మీద, మొదటి వానకు నూనె తేలిన రోడ్డు మీద కూడా అంతే. ఇసుక కనిపిస్తే దాని మీదికి వెళ్లకముందే వేగం తగ్గించుకోవాలి, దాని మీద ఉన్నప్పుడు బ్రేక్ వదిలేయాలి. ముందు చక్రం జారుతున్నట్టు అనిపిస్తే లివర్ వదిలి, వెంటనే మళ్లీ మెల్లగా పట్టాలి. భయంలో అలా వదలడానికి చెయ్యి ఒప్పుకోదు. అందుకే ప్రాక్టీస్ కావాలి.

కొత్త బండ్లవాళ్లు "మాకు ఏబీఎస్ ఉంది కదా" అంటారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, అంతకు తక్కువైతే కనీసం సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. ఏబీఎస్ చక్రం తిరగడం ఆగిపోకుండా చూస్తుంది. అది పనిచేసేటప్పుడు లివర్ వేళ్ల కింద కొట్టుకుంటుంది. చాలామంది అప్పుడు ఏదో విరిగిందని భయపడి వదిలేస్తారు. వదలొద్దు, ఇంకా గట్టిగా పట్టండి. సింగిల్ ఛానెల్, అంటే ఒక్క చక్రానికే ఏబీఎస్ అయితే అది సాధారణంగా ముందు చక్రానికే ఉంటుంది, వెనకది ఇంకా జారుతుందని గుర్తుంచుకోండి. సీబీఎస్ వేరే సంగతి. వెనక బ్రేక్ వేస్తే ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది, అంతే. ఆ "కొంత"ను నమ్ముకుని ముందు లివర్ మరిచిపోతే కుదరదు. స్కూటీల్లో కుడి చేతిది ముందు బ్రేక్. ఏళ్ల తరబడి ఎడమ చేతితోనే ఆపేవాళ్లు ఈ రోజే కుడి చేతికి పని చెప్పండి.

క్లచ్ చివర్లో పట్టాలి. మోకాళ్లతో ట్యాంకును బిగించాలి, మోచేతులు కొంచెం వంగి ఉండాలి. చేతులు కర్రల్లా చాపితే ఒంటి బరువంతా హ్యాండిల్ మీద పడుతుంది.

ఇవన్నీ చదివి రాదు. ఊరి బయట ఇళ్లు లేని వెంచర్లు ఎన్ని లేవు? ప్లాట్లు అమ్ముడుపోయి రోడ్లు మాత్రం ఖాళీగా పడి ఉంటాయి. ఆదివారం పొద్దున అక్కడికి వెళ్లండి. ముందు నడిచి చూసి ఇసుక లేని డాంబర్ రోడ్డు ఎంచుకోండి. సిమెంటు రోడ్డు మీద దుమ్ము ఉంటుంది, నాకు నచ్చదు. ప్యాంటు, బూట్లు, హెల్మెట్‌తో మొదట 20లో, తర్వాత 30లో, తర్వాత 40లో. వేలికి అలవాటయ్యేదాకా చేయాలి. ఇంట్లోవాళ్లను వెనక ఎక్కించుకుని తిరిగేవాళ్లు వాళ్లతో కూడా నెమ్మదిగా ఒకసారి చేయాలి. బరువు మారితే బండి ఆగే తీరు మారుతుంది, వాళ్లు వచ్చి మీ వీపుకు గుద్దుకుంటారు కూడా.

ఇతరుల పద్ధతుల గురించి

హారన్ పద్ధతి: అడ్డం వస్తున్నవాడికి హారన్ కొడుతూ అదే వేగంతో వెళ్లడం. హన్మకొండ బస్టాండ్ దగ్గర అందరూ కొడుతూనే ఉంటారు, మీ హారన్‌కు ఎవరు ఉలిక్కిపడాలి? ఎడమ బొటనవేలు ఖాళీగానే ఉంటుంది కాబట్టి బ్రేక్‌తో పాటు కొట్టండి, బ్రేక్‌కు బదులుగా కాదు.

"బండి పండబెట్టిన, బతికిపోయిన" పద్ధతి: ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. టైరు రబ్బరుకు రోడ్డు మీద ఉన్నంత పట్టు ఇనుప ఫుట్‌రెస్టుకు ఉండదు. పడిన బండి నిలబడిన బండి కంటే ఎక్కువ దూరం జారుతుంది, మీరు దాని వెనకే జారుతారు. కావాలని పండబెట్టినవాళ్లు చాలా తక్కువ. వెనక బ్రేక్ తొక్కి పడిపోయి, తర్వాత కథ మార్చినవాళ్లే ఎక్కువ.

5. సందు వెతకడం

బ్రేక్ పడుతుండగానే చూపు కారు మీద కాకుండా ఖాళీ జాగా మీద పెట్టాలి. భయపడిన మనిషి దేన్ని చూస్తే బండి అటే పోతుంది. అడ్డంగా దాటుతున్న బండి అయితే దాని వెనక భాగం వైపు చూడాలి, ముందు నుంచి దూరిపోదామని ఆశపడొద్దు. మిమ్మల్ని చూసి అతను మధ్యలోనే ఆగిపోతే మాత్రం సందు ఉండదు, అప్పుడు బ్రేక్ ఒక్కటే దిక్కు. పక్కకు తిప్పాల్సి వస్తే ముందు బ్రేక్ వదిలి తర్వాత తిప్పాలి. రెండూ ఒకేసారి చేయకూడదు.

6. తప్పిన తర్వాత

వెంటపడొద్దు. "చూస్కోలే అన్నా" అని ఆటోవాడు అంటే అక్కడితో వదిలేయండి. అనకపోయినా వదిలేయండి. చేతులు వణుకుతుంటే బండి పక్కకు తీసి, స్టాండ్ వేసి, నీళ్లు తాగి బయల్దేరండి. ఆ వణుకులో నడిపితే తర్వాతి చౌరస్తాలో తప్పు మీదవుతుంది.

తప్పించుకోలేక తగిలితే, లేదా ఇంకెవరికో తగలడం చూస్తే, వెంటనే 108కి ఫోన్ చేయండి. సాయం చేస్తే స్టేషన్ చుట్టూ తిరగాలని ఇంకా భయపడుతున్నారు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయడానికి కూడా వీల్లేదు. పడినవాళ్లకు స్పృహ ఉండి ఊపిరి బాగానే ఆడుతుంటే హెల్మెట్ గుంజి తీయొద్దు, మెడ కదలకుండా పట్టుకోండి. చుట్టూ చేరినవాళ్లు నీళ్లు తాగించబోతే ఆపండి. ఒకరిని కొంచెం వెనక్కి పంపి వచ్చే బండ్లకు చెయ్యి ఊపమనండి, లేకపోతే ఆ గుంపులోకే ఇంకో బండి వచ్చి దూరుతుంది.